30ఎక్స్ జూమ్ కెమెరా నుంచి డీఎస్ఎల్‌ఆర్‌కి మారేటప్పుడు ముందు ఏ లెన్స్, తర్వాత ఏ లెన్స్

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇప్పుడు చేతిలో ఉన్నది 30ఎక్స్ జూమ్ ఉన్న చిన్న కెమెరా. ఇంట్లో పిల్లల్ని, ప్రయాణాల్లో కనిపించినవాటిని, వీలైతే పక్షుల్ని తీస్తుంటారు. క్రాప్ సెన్సార్ డీఎస్ఎల్‌ఆర్ కొనాలనుకుంటున్నారు, అంటే లెన్స్‌లు మార్చుకోగల, లోపల అద్దం ఉన్న కెమెరా, సెన్సార్ (వెలుతురుని ఫొటోగా మార్చే పలక) మాత్రం ఫిలిం ఫ్రేమ్ కంటే చిన్నది. 18-55, 70-300 (ఇవి ఎంఎంలో ఫోకల్ లెంగ్త్‌లు, అంకె పెద్దదైతే దూరపువి పెద్దగా కనిపిస్తాయి) కలిపి ఇచ్చే రెండు లెన్స్‌ల కిట్ మంచిదా, లెన్స్ మార్చే పని లేకుండా ఒకే ఒక్క 18-300 మంచిదా, బాడీ మాత్రమే కొని 50ఎంఎం ఎఫ్/1.8 తగిలించుకోవాలా అని అడిగారు.

నన్నడిగితే ఈ మూడూ వద్దు. మామూలు 18-55 కిట్ తీసుకోండి, దానితోపాటు మొదటి రోజే ఒక చిన్న ప్రైమ్, అంటే జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్, తీసుకోండి. దూరపువాటికి వాడే టెలీ లెన్స్ కొన్ని నెలలు ఆగవచ్చు. ఎందుకో చెప్పేముందు ఒక అపోహ తొలగాలి, లేకపోతే డబ్బా విప్పిన మొదటి గంటలోనే నీరసం వస్తుంది.

30ఎక్స్ అంటే దూరాన్ని దగ్గరకు తెచ్చే శక్తి కాదు. లెన్స్‌లోని పెద్ద ఫోకల్ లెంగ్త్‌ని చిన్నదానితో భాగిస్తే వచ్చే అంకె, అంతే. ఆ లెక్కన 18-55 అంటే 3ఎక్స్, 70-300 అంటే 4ఎక్స్ కాస్త పైన. మీ కెమెరా ఫుల్ ఫ్రేమ్ (35ఎంఎం ఫిలిం సైజు సెన్సార్) లెక్కలో 24 నుంచి 720ఎంఎం వరకు చూపించేదై ఉంటుంది. నికాన్ క్రాప్ సెన్సార్ మీద లెన్స్ అంకెని 1.5తో గుణించాలి కాబట్టి అదే 720 కావాలంటే 480ఎంఎం లెన్స్ కావాలి. 70-300 చివర్లో మీకు దక్కేది 450కి సమానం. అంటే ఎంతో ఖర్చు పెట్టి మారాక పక్షి ఇప్పటికంటే చిన్నగానే కనిపిస్తుంది. ఆ చిన్న పక్షిని కత్తిరించి పెద్దది చేసినా ఈకలు నిలుస్తాయి, అది వేరే సంగతి. మీ కెమెరాలో సాధారణంగా ఉండే 1/2.3 అంగుళాల సెన్సార్ కొలత సుమారు 6.2×4.6 ఎంఎం. నికాన్ క్రాప్ సెన్సార్ 23.5×15.6 ఎంఎం. వైశాల్యంలో దాదాపు 13 రెట్లు. మీరు కొంటున్నది ఆ 13 రెట్ల వెలుతురునే, జూమ్‌ని కాదు.

కాబట్టి కొనే ముందు ఒక పని చేయండి. మీరు తీసినవాటిలో మీకు బాగా నచ్చిన రెండు మూడు వందల ఫొటోలు ఏరి, కంప్యూటర్లో వాటి ఎగ్జిఫ్ వివరాలు (ఫొటో ఫైల్లోనే కెమెరా రాసిపెట్టే సమాచారం) చూడండి. 35ఎంఎం సమానం అన్న వరుస ఉంటే అదే తీసుకోండి. అది లేక అసలు ఫోకల్ లెంగ్త్ మాత్రమే ఉంటే, అంటే 4.3 లాంటి అంకె కనిపిస్తే, దాన్ని 5.6తో గుణించండి. వచ్చినదాన్ని నికాన్‌కైతే 1.5తో, కెనాన్‌కైతే 1.6తో భాగించండి. ఆ ఫొటోకి మీకు కావాల్సిన లెన్స్ అది. ఎక్కువ ఫొటోలు 18 నుంచి 55 మధ్య పడితే ఆశ్చర్యపోకండి. జూమ్‌ని చివరిదాకా లాగి తీసినవి ఎన్ని ఉన్నాయో, వాటిలో పక్షులు ఎన్నో, కేవలం ఎంత దూరం కనిపిస్తుందో చూద్దామని తీసినవి ఎన్నో విడిగా లెక్కపెట్టండి. ఎవరి సలహా కన్నా ఈ లెక్కే నమ్మదగినది.

ఇక 18-300 సంగతి. ప్రయాణంలో హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ మీ మూడు అవసరాల్లో రెండింటికి అది పనికిరాదు. నికాన్ 18-300లో తేలికైనది కూడా 550 గ్రాములుంటుంది, చివర్లో అపెర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/6.3 (ఈ అంకె పెద్దదైతే రంధ్రం చిన్నది). సాయంత్రం ఇంట్లో దానితో పిల్లల్ని తీయడం కుదరదు. పక్షులకేమో, ఇలాంటి లెన్స్‌లు దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసినప్పుడు చెప్పినంత ఫోకల్ లెంగ్త్ ఇవ్వవు. నాలుగైదు మీటర్ల దూరంలోని పిట్టని 300 దగ్గర తీస్తే మామూలు 70-300 చూపినదానికంటే చిన్నగా వస్తుంది. పైగా లెన్స్ మార్చకుండా ఉండడమే లక్ష్యమైతే డీఎస్ఎల్‌ఆర్‌కి మారడంలో సగం అర్థం పోయినట్టే.

50ఎంఎం ఎఫ్/1.8 అద్భుతమైన లెన్స్, కానీ క్రాప్ సెన్సార్ మీద అది 75 లేదా 80కి సమానం. కెమెరాని నిలువుగా పట్టుకుని 1.75 మీటర్ల మనిషిని తల నుంచి కాలి దాకా ఇరికించాలంటే కనీసం 3.7 మీటర్లు వెనక్కి వెళ్లాలి. పైనా కిందా కాస్త ఖాళీ కావాలంటే 4 మీటర్లు. గదిలో అంత చోటు ఎక్కడిది? వీపు గోడకి ఆనుకుంటుంది. అదే మనిషి 35ఎంఎంతో 2.6 మీటర్ల దూరంలోనే పడతాడు. అందుకే ఇంట్లో పిల్లలకి నికాన్‌లో 35ఎంఎం ఎఫ్/1.8జీ డీఎక్స్ తీసుకోమంటాను. 30 సెంటీమీటర్ల దగ్గరి వరకూ ఫోకస్ అవుతుంది కూడా. కెనాన్ క్రాప్ బాడీలకి ఇలాంటి చవకైన 35 లేదు. పలచగా బిస్కెట్‌లా ఉండే 24ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం (కెనాన్ కొత్తరకం ఫోకస్ మోటార్ పేరు), 50ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం, ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. గదుల్లో ఎక్కువ తీస్తే 24, ముఖాలు, పోర్ట్రెయిట్లు ముఖ్యమైతే 50.

కిట్ లెన్స్ ఉండగా మళ్లీ ప్రైమ్ ఎందుకంటారా? 18-55 చివర్లో ఎఫ్/5.6. ప్రైమ్ ఎఫ్/1.8. 5.6ని 1.8తో భాగించి వర్గం చేయండి, 9.7 వస్తుంది. దాదాపు పది రెట్ల వెలుతురు. కిట్ లెన్స్‌ని 55 దగ్గర పెట్టి ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందన, పెంచితే ఫొటో గరుకవుతుంది) 6400లో తీయాల్సిన ఫొటోని అదే షట్టర్ స్పీడ్‌తో ప్రైమ్ మీద ఐఎస్ఓ 640లో తీయొచ్చు. జూమ్‌ని 35 దగ్గర పెడితే దాని అపెర్చర్ కాస్త తెరుచుకుంటుంది, తేడా కొంత తగ్గుతుంది, అయినా పెద్దదే. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా, చాలదా అని చాలామంది అడుగుతారు. అది మీ చేతి వణుకుని ఆపుతుంది, పరుగెత్తే పిల్లాణ్ణి ఆపదు. ఆడుకునే పిల్లలకి 1/250 సెకను కంటే తగ్గితే చేతులు, జుట్టు చెదిరిపోతాయి.

బాడీ ఎంపికలో మెగాపిక్సెల్స్ వదిలేసి ఒక్కటే చూడండి: మీరు కొనబోయే లెన్స్ దాని మీద పూర్తిగా పనిచేస్తుందా, లేదా. లెన్స్ బిగుసుకోవడం వేరు, పనిచేయడం వేరు. నికాన్ ఎఫ్ మౌంట్ (బాడీకి లెన్స్ బిగించే చోటు) 1959 నుంచి ఉంది కాబట్టి ఏ నికాన్ లెన్స్ అయినా నడుస్తుందని అమ్మేవాళ్లు చెప్తారు. డి3000, డి5000 వరుసల్లోని బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. వాటి మీద సొంత మోటార్ లేని ఏఎఫ్, ఏఎఫ్-డి లెన్స్‌లు బిగుసుకుంటాయి, ఆటోఫోకస్ మాత్రం ఉండదు, చేత్తో తిప్పుకోవాలి. పాత 50ఎంఎం ఎఫ్/1.8డి కొత్త 1.8జీ కంటే చవగ్గా దొరికిందని సంబరపడి తెచ్చుకుని, ఇంటికొచ్చాక లెన్స్ పాడైందనుకునేవాళ్లు ఎందరో. వాటి మీద ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నవే తీసుకోండి. ఏఎఫ్-పీ అని ఉన్నవి ఇంకో తిరకాసు. డి3400, డి3500, డి5600, డి7500 లాంటి కొత్త బాడీల మీద చక్కగా, చప్పుడు లేకుండా పనిచేస్తాయి కానీ డి90, డి3000, డి5000 లాంటి పాతవాటి మీద ఫోకసే కావు. డి90లోనూ డి7000 వరుసలోనూ మోటార్ ఉంది, పాత ఏఎఫ్-డి లెన్స్‌లు వాటి మీద ఫోకస్ అవుతాయి.

కెనాన్‌లో ఈ గొడవ తక్కువ. 1987లో వచ్చిన ఈఎఫ్ లెన్స్‌లన్నింటిలోనూ మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది. క్రాప్ సెన్సార్ కోసం 2003లో వచ్చిన ఈఎఫ్-ఎస్ లెన్స్‌లు మాత్రం ఫుల్ ఫ్రేమ్ బాడీలకి ఎక్కవు, బలవంతంగా ఎక్కించబోవద్దు. అంతకు ముందరి ఎఫ్‌డీ లెన్స్‌లు ఇంట్లో ఉన్నాయని కెనాన్ కొంటే అవి పనికిరావు. మౌంట్ నుంచి సెన్సార్‌కి దూరం ఎఫ్‌డీలో 42ఎంఎం, ఈఎఫ్‌లో 44. మధ్యలో గాజు ఉన్న అడాప్టర్ లేకుండా అనంతం దాకా ఫోకస్ కాదు, ఆ గాజు వల్ల నాణ్యత పోతుంది. ఇంకొక చిన్న విషయం: ఈఓఎస్ 200డి మార్క్ 2 హాట్ షూ (పైన ఫ్లాష్ బిగించే చోటు) మధ్యలో ఉండాల్సిన పిన్ను లేదు. కెనాన్‌కని ప్రత్యేకంగా చేయని మామూలు మాన్యువల్ ఫ్లాష్‌లు దాని మీద వెలగవు.

పెంటాక్స్‌ని ఎవరూ తలుచుకోరు గానీ, చేతి వణుకుని ఆపే ఏర్పాటు బాడీలోనే ఉంటుంది కాబట్టి 1975 నాటి కే మౌంట్ లెన్స్‌కి కూడా ఆ లాభం దక్కుతుంది. పాత మాన్యువల్ లెన్స్‌లతో ఆడుకోవాలనే సరదా ఉన్నవాళ్లకి మంచి దారి. మీ అవసరాలకి మాత్రం వాడిన లెన్స్‌లు విరివిగా దొరికే నికాన్, కెనానే సులువు.

ఇప్పుడు డీఎస్ఎల్‌ఆర్ కొనడమే తప్పా అన్న అనుమానం మీ ప్రశ్న చివర్లో ఉంది. 2018లో అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి నికాన్ జెడ్, కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంట్లు వచ్చాయి. 2020 తర్వాత ఆ రెండు సంస్థలూ కొత్త డీఎస్ఎల్‌ఆర్ తేలేదు. కాబట్టి కొత్త లెన్స్‌లు వస్తాయన్న ఆశ పెట్టుకోవద్దు. ఉన్నవే వందల్లో ఉన్నాయి, వాడినవి తక్కువకి దొరుకుతాయి. రేపు మిర్రర్‌లెస్‌కి మారినా కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్స్‌లు అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా నడుస్తాయి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్స్‌లు ఫోకస్ అవుతాయి, ఏఎఫ్-డి కావు. ఏఎఫ్-డి లెన్స్‌లు పోగేసుకోవద్దనడానికి ఇది రెండో కారణం. పిల్లల వీడియోలే ఎక్కువ తీస్తారనుకుంటే మాత్రం నా సలహా మారుతుంది. అద్దం పైకి లేచాక, అంటే వెనక తెర మీద చూస్తూ తీసేటప్పుడు, చాలా డీఎస్ఎల్‌ఆర్‌ల ఫోకస్ నత్తనడకే. 2013లో 70డితో మొదలైన డ్యుయల్ పిక్సెల్ ఫోకస్ ఉన్న కెనాన్ బాడీలు అందుకు మినహాయింపు.

వాడిన బాడీ కొంటే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్నిసార్లు క్లిక్ అయింది) అడగండి. నికాన్‌లో ఆ అంకె ఫొటో ఎగ్జిఫ్‌లోనే ఉంటుంది, ఇప్పుడే తీసిన అసలు ఫైలు పంపమంటే చాలు. డి7200 షట్టర్‌ని నికాన్ 1,50,000 క్లిక్‌లకు పరీక్షించింది. ఆ అంకె దాటగానే ఆగిపోతుందని కాదు, దాని దగ్గరున్నదానికి పూర్తి ధర పెట్టొద్దని. లెన్స్ అయితే రెండు మూతలూ తీసి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే ఏమీ కాదు. సాలెగూడులా, వేళ్లు పాకినట్టు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. శుభ్రం చేయించినా పైపూతని తినేసి ఉంటే మచ్చ పోదు. అపెర్చర్ రేకుల మీద నూనె మెరిసినా వదిలేయండి, రేకులు నెమ్మదించి ఫొటోలు తెల్లబోతాయి. ఆ తర్వాత ఇటుక గోడకి ఎదురుగా, సమాంతరంగా నిలబడి అపెర్చర్ పూర్తిగా తెరిచి ఒక ఫొటో తీయండి. నాలుగు మూలలూ కాస్త మెత్తగా ఉంటే అది లెన్స్ సహజ గుణం. ఒక మూల మాత్రమే కరిగిపోయినట్టుంటే లోపలి గాజు పక్కకి జరిగింది, అంటే ఎక్కడో కింద పడింది.

కిట్ లెన్స్‌లోనూ పాతవీ కొత్తవీ ఒకటి కావు. కెనాన్‌లో 18-55 అయినా 55-250 అయినా పేరు చివర ఎస్‌టీఎం ఉన్నదే ఎంచుకోండి. పాత 18-55లో ఫోకస్ అయ్యేటప్పుడు ముందు గాజు తిరుగుతుంది, పోలరైజర్ (తిప్పి ప్రతిబింబాలు తగ్గించుకునే ఫిల్టర్) పెడితే ప్రతిసారీ మళ్లీ సరిచేసుకోవాలి. వాటి స్విచ్ ఏఎఫ్ మీద ఉండగా రింగ్‌ని చేత్తో తిప్పితే లోపలి పళ్ల చక్రాలు అరుగుతాయి.

కెమెరా చేతికొచ్చాక మొదటి పని వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రం, డయాప్టర్. లెన్స్‌ని లెక్కచేయకుండా వ్యూఫైండర్‌లో కింద కనిపించే అంకెలు స్పష్టంగా ఉండేదాకా దాన్ని తిప్పండి. కెమెరా బ్లర్‌గా ఉందన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి. తర్వాత నికాన్‌లో ఏ, కెనాన్‌లో ఏవీ మోడ్ పెట్టండి, అందులో అపెర్చర్ మీరు పెడితే షట్టర్ కెమెరా చూసుకుంటుంది. ఫోకస్‌ని కెమెరాకి వదలకుండా ఒకే పాయింట్ ఎంచుకోండి. అన్ని పాయింట్లూ ఆన్‌లో ఉంటే కెమెరా ఎక్కువగా దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది, ముఖం వదిలేసి చాచిన చెయ్యి మీద ఫోకస్ అవుతుంది. ఫోకస్ మోడ్ కూర్చున్న పిల్లలకి నికాన్‌లో ఏఎఫ్-ఎస్ (లెన్స్ పేరులోది వేరు), కెనాన్‌లో వన్ షాట్, పరుగెత్తేవాళ్లకి వెంటాడుతూ ఫోకస్ చేసే ఏఎఫ్-సీ లేదా ఏఐ సర్వో. ఆటో ఐఎస్ఓ ఆన్ చేసి, కనీస షట్టర్ స్పీడ్ 1/250 పెట్టండి. ఆ ఆప్షన్ లేని బాడీల్లో ఎం మోడ్‌లో అపెర్చర్, షట్టర్ మీరే పెట్టి ఐఎస్ఓ ఒక్కటే ఆటోలో వదలండి.

మొదటి నెలలో అందరికీ తగిలే దెబ్బ డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ముందూ వెనకా ఎంత లోతు స్పష్టంగా ఉంటుందన్నది. మీ చిన్న కెమెరాలో ఎఫ్/2.8 దగ్గర ఎంత లోతు ఫోకస్‌లో ఉండేదో, ఒకే దృశ్యాన్ని ఒకే చోటు నుంచి తీసినా క్రాప్ సెన్సార్ మీద అంత లోతు కావాలంటే దాదాపు ఎఫ్/10 పెట్టాలి. ఇన్నాళ్లూ అన్నీ ఫోకస్‌లో ఉండడానికి కారణం మీ నైపుణ్యం కాదు, సెన్సార్ చిన్నదనం. 50ఎంఎంని ఎఫ్/1.8 దగ్గర 1.5 మీటర్ల దూరం నుంచి వాడితే ఫోకస్‌లో ఉండేది మొత్తం కలిపి 6 సెంటీమీటర్ల చిల్లర. ఒక కన్ను స్పష్టంగా, చెవి మసకగా వస్తుంది. ఇద్దరు పిల్లలు పక్కపక్కన ఉంటే ఎఫ్/4, నలుగురైదుగురు రెండు వరుసల్లో ఉంటే ఎఫ్/5.6 లేదా 8. అలాగని ప్రకృతి దృశ్యాలకి ఎఫ్/22 దాకా మూసేయొద్దు. ఎఫ్/11 దాటాక డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. కిట్ లెన్స్ ఎఫ్/8 దగ్గర ఎంత బాగా తీస్తుందో చూస్తే దాన్ని తిట్టేవాళ్ల మాట నమ్మబుద్ధి కాదు.

జేపీఈజీలు చప్పగా కనిపించడం రెండో ఫిర్యాదు. చిన్న కెమెరాలు రంగుల్నీ, అంచుల పదునునీ తామే బాగా పెంచి ఇస్తాయి, డీఎస్ఎల్‌ఆర్ ఆ పని మీకు వదిలేస్తుంది. పిక్చర్ కంట్రోల్‌లో షార్ప్‌నెస్ ఒకట్రెండు మెట్లు పెంచుకోండి, లేదా రా (కెమెరా మెరుగులు దిద్దని) ఫైళ్లు తీసి మీరే చేసుకోండి.

ఇవన్నీ అలవాటయ్యాక టెలీ. కెనాన్‌కి 55-250 ఐఎస్ ఎస్‌టీఎం, నికాన్‌లో బాడీ సహకరిస్తే ఏఎఫ్-పీ 70-300 వీఆర్ (ఐఎస్, వీఆర్ రెండూ స్టెబిలైజేషన్ పేర్లే). ఒకే పేరుతో వీఆర్ లేని 70-300 కూడా ఉంది, పొరపాటున అది తెచ్చుకోకండి. స్టెబిలైజేషన్ లేకపోతే షట్టర్ లెక్క కూడా క్రాప్‌తో కలిపి వేయాలి, 300ఎంఎం దగ్గర కనీసం 1/500. ఉన్నా కూడా, కొమ్మ మీద కూర్చున్న పిట్ట తల ఆపకుండా తిప్పుతూనే ఉంటుంది కాబట్టి అంతకంటే తగ్గొద్దు. ఎగిరే పక్షికి 1/2000. పొద్దున, సాయంత్రం తీయండి. ఎండ నడినెత్తికెక్కాక నేల నుంచి లేచే వేడిగాలి దూరాన్ని అలల్లా వణికిస్తుంది, దానికి ఎంత పెద్ద లెన్స్ అయినా మందు కాదు. లెన్స్‌కీ బాడీకీ మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్ పెంచుకునే టెలీకన్వర్టర్ మీద ఆశ పెట్టుకోకండి. 2ఎక్స్ పెడితే రెండు స్టాపులు పోయి, అంటే నాలుగో వంతు వెలుతురే మిగిలి, ఎఫ్/5.6 లెన్స్ ఎఫ్/11 అవుతుంది. మామూలు బాడీల ఆటోఫోకస్‌కి ఎఫ్/5.6 వరకే హామీ. పక్షుల పిచ్చి నిజంగా పట్టుకుంటే, అప్పుడు సిగ్మా లేదా టామ్రాన్ 150-600. సుమారు 2 కిలోలు, మెడకి వేలాడదీసుకునే వస్తువు కాదు. దాని కోసం ముందే డబ్బు దాచుకోవడం, మధ్యలో రెండు మూడు చిన్న టెలీలు కొని అమ్ముకోవడం కంటే నయం.

యూవీ ఫిల్టర్ అంటగడతారు, వద్దనండి. నాసిరకంవి రాత్రి దీపాల ప్రతిబింబాల్ని ఫొటోలో తిరగేసి చూపిస్తాయి. ఆ డబ్బుతో హుడ్ (లెన్స్ ముందు బిగించే తొడుగు) కొనుక్కోండి, ఎండ నుంచీ దెబ్బ నుంచీ అదే కాపాడుతుంది. లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆఫ్ చేసి, మౌంట్‌ని నేలవైపు ఉంచి, ఎక్కించాల్సిన లెన్స్ వెనక మూత ముందే వదులు చేసి పెట్టుకోండి. ఎంత జాగ్రత్త పడ్డా దుమ్ము పడుతుంది. ఎఫ్/16 దగ్గర ఆకాశాన్ని తీసి చూస్తే నల్లటి మచ్చలుగా కనిపిస్తుంది. డి3400, డి3500 బాడీల్లో సెన్సార్‌ని తానే దులుపుకునే ఏర్పాటు తీసేశారు కాబట్టి వాటికి ఇది తరచూ చూడాలి. బ్యాటరీ నిండుగా ఉండగా మెనూలోంచి అద్దం పైకి లేపి, కెమెరాని బోర్లా పట్టుకుని, చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తుంపర్లు, డబ్బా గాలితో ఊదితే అందులోని ద్రవం సెన్సార్ మీద పడుతుంది. బ్లోయర్‌కి లొంగని మచ్చ ఉంటే సర్వీస్‌కి ఇవ్వండి.

దాచుకునేది మాత్రం కెమెరా బ్యాగులో కాదు. బ్యాగు లోపలి స్పాంజి తేమని పీల్చి పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కి కావాల్సిందదే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, లోపల చిన్న హైగ్రోమీటర్ పెట్టండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. గింజలు నీలం నుంచి గులాబీ రంగుకి తిరిగితే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు.